జ్వరం లేదు

జూలై 14

రావమ్మ కాల్లో తుమ్మ ముల్లు దిగింది. గేదెను తోలుకొస్తూ దొడ్లో కంప తొక్కింది. చెప్పులు వేసుకోమని ఇరవై నాలుగేళ్ళుగా చెబుతూనే ఉన్నాను. ఆవిడకి చెప్పులు పెళ్ళిళ్ళకీ బస్సు ప్రయాణాలకీ మాత్రమే.

సూదితో ముల్లు తీసి, కడిగి, కట్టు కట్టాను. టీటీ ఇంజక్షన్ చేశాను. ఊళ్ళో ఎంతమందికి సూది వేశానో లెక్క లేదు గానీ సొంత పెళ్ళానికి వేయాలంటే ఇప్పటికీ నాకు చెయ్యి ఆడదు. "అయిపోయింది, ఇంక కళ్ళు తెరవండి" అని నన్నే ఆటపట్టించింది.

మందుల కంపెనీ వాళ్ళు ఏటా ఇచ్చే డైరీ జనవరి నుంచి ఖాళీగా పడి ఉంది. కాలు మానేదాకా రోజూ ఇందులో రాస్తాను. విజయవాడ గవర్నర్‌పేటలో పెద్ద డాక్టరు గారి దగ్గర కాంపౌండరుగా పదకొండేళ్ళు చేశాను. ఎవరొచ్చినా ముందు టెంపరేచర్ చూసి కాగితం మీద రాయమనేవారు ఆయన. ఆ అలవాటు పోలేదు.

98.4. జ్వరం లేదు.

జూలై 15

98.2. జ్వరం లేదు. వాపు లేదు. ఎరుపు కూడా లేదు.

జూలై 16

నాట్లు జోరుగా పడుతున్నాయి. సాయంత్రం అయ్యేసరికి మా అరుగు నిండిపోయింది. పొద్దుటి నుంచి బురదలో వంగి నాట్లేసిన ఆడవాళ్ళు. అందరికీ నడుములే. కనకలక్ష్మి వాళ్ళ ముఠాకి మేస్త్రి. అది పన్నెండు పొట్లాలు ఒక్కతే పట్టుకుపోయింది. "డాక్టరు గారూ, మీ పొట్లం లేపోతే రేపు మడిలో దిగేది ఎవరండీ" అంది.

నేను డాక్టరుని కాదు. ఎవరైనా అడిగితే ఆ మాటే చెబుతాను. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

పొట్లంలో పెద్ద వింత ఏమీ లేదు. ఒక నొప్పి మాత్ర, ఒక గ్యాసు మాత్ర, ఒక చిన్న తెల్ల మాత్ర. పని చేసేది ఆ చిన్నదే. వేసుకున్న గంటకి మనిషి లేచి కూర్చుంటుంది. మైలవరం వైపు నుంచి కూడా ఆటోల్లో వస్తున్నారంటే దాని చలవే. నా హస్తవాసి అంటారు. అననీ.

నిరుడు వేసవిలో రావమ్మకి కీళ్ళు పట్టేసి జడ వేసుకోవడానికి కూడా చేతులు లేచేవి కావు. అప్పుడు మొదలుపెట్టాను. రోజూ పొద్దున ఒకటి. పద్నాలుగు నెలలయింది. మళ్ళీ పాలు పితుకుతోంది, పిండి రుబ్బుతోంది. బుగ్గలు వచ్చాయి, ముఖం గుండ్రంగా నిండింది. "డాక్టరు గారి భార్య ఒళ్ళు చేసిందే" అని నీళ్ళ పంపు దగ్గర అంటున్నారట. వచ్చి చెప్పి మురిసిపోయింది. నిజం చెప్పాలంటే నేనూ మురిశాను.

కాలు బరువుగా ఉందంటోంది. నొప్పి లేదట. 98.4.

జూలై 17

జ్వరం లేదు.

జూలై 18

కట్టు విప్పి చూశాను. ముల్లు దిగిన చోట చుట్టూ చర్మం బూడిద రంగులో ఉంది. నొక్కితే నొప్పి లేదంది. చీము పట్టలేదు. నాలుగో రోజుకి కూడా చీము పట్టలేదంటే మంచిదే కదా.

చీము గురించి గవర్నర్‌పేట డాక్టరు గారు ఒకసారి చెప్పిన మాట గుర్తొచ్చింది. ఇప్పుడు రాయబుద్ధి కావడం లేదు.

98.

జూలై 19

నీరసం అంటోంది. అన్నం ముట్టలేదు. మజ్జిగ తాగి కక్కుకుంది. చిన్న మాత్ర ఒకటికి బదులు రెండు ఇచ్చాను. మధ్యాహ్నానికి లేచి గేదెకి కుడితి పెట్టింది, నాతో పోట్లాడింది కూడా. చారులో ఉప్పు ఎక్కువైందని నేనంటే, "అయితే మీరే వండుకోండి" అంది. పోట్లాడే ఓపిక ఉందంటే తగ్గినట్టే.

జ్వరం లేదు. రెండుసార్లు చూశాను.

జూలై 20

సాయిశ్రీ ఫోన్ చేసింది. మా ఒక్కగానొక్క కూతురు. విజయవాడలో హాస్టల్లో ఉండి ఫార్మసీ చదువుతోంది. చదువు అయ్యాక మా ఇంటి ముందు గదిలోనే మందుల షాపు పెట్టాలని నా ఆశ.

"అమ్మ గొంతు అట్టా ఉందేంటి నాన్నా?"

"ముల్లు గుచ్చుకుంది. జ్వరం ఏమీ లేదు."

"జ్వరం లేకపోతే అంత నీరసం ఎందుకు మరి? ఎవరికైనా చూపించకూడదూ?"

కోపం వచ్చింది. నువ్వు పుట్టక ముందు నుంచీ సూదులు వేస్తున్నాను, రెండేళ్ళు చదివి నాకు నేర్పుతావా అని కసిరాను. ఫోను పెట్టేసింది. పెట్టేసినందుకు ఇంకా కోపం వచ్చింది. అది అడిగినదాంట్లో తప్పేమీ లేదు.

రావమ్మ పొద్దుగూకకముందే పడుకుంది. ఇంకో రెండు మాత్రలు ఇచ్చాను.

జూలై 21

ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. విజయవాడ వచ్చేశాం.

పొద్దున లేపితే లేవలేదు. కళ్ళు తెరిచి, "గేదెను తోలారా" అంది, మళ్ళీ అదే అడిగింది, మళ్ళీ అదే. బీపీ చూస్తే ఎనభై. మిషన్ పాడైందేమో అనుకుని నా చేతికి కట్టుకుని చూసుకున్నాను. మిషన్ బాగానే ఉంది. కట్టు విప్పితే పాదం నల్లబడి, మోకాలి దాకా చల్లగా ఉంది. అప్పుడు కూడా థర్మామీటరు పెట్టి చూశాను నేను. 97. సిగ్గులేని వాణ్ణి.

కారు మాట్లాడుకుని తీసుకొచ్చాను. సాయిశ్రీ హాస్టల్ నుంచి నేరుగా ఇక్కడికే వచ్చింది. డాక్టర్ జయకృష్ణ అని, ముప్పై ఐదేళ్ళు ఉంటాయేమో. చకచకా సూదులు పెట్టించాడు. క్రిములు నెత్తుటిలోకి ఎక్కేశాయన్నాడు. తర్వాత రావమ్మ ముఖంలోకి, చేతుల మీద కమిలిన మచ్చల్లోకి చాలాసేపు చూశాడు.

"అమ్మా, మీరు స్టెరాయిడ్ మాత్రలు ఏమైనా వాడుతున్నారా? కీళ్ళకి గానీ, ఆయాసానికి గానీ? చిన్న చిన్న తెల్ల మాత్రలు ఉంటాయి."

రావమ్మ నా వైపు చూసింది. ఆ మగతలో కూడా చూపు నా మీద నిలబెట్టింది.

"నేనేం మాత్రలూ వేసుకోను బాబూ" అంది.

డాక్టరు నన్ను చూశాడు. "మీరు ప్రాక్టీస్ చేస్తారట కదా. ఏమైనా ఇచ్చారా?"

"నొప్పి మాత్రలండీ. క్యాల్షియం" అన్నాను.

సాయిశ్రీ నా పక్కనే నిలబడి ఉంది.

పేరు ఈ డైరీలో కూడా రాయకుండా తప్పించుకుంటూ వచ్చాను. చిన్న మాత్ర, చిన్న మాత్ర అని. అది డెక్సా. స్టెరాయిడ్.

రేపు చెబుతాను. ముందు ఆ సెలైన్లు పని చేయనీ. వాటితోనే లేస్తే చెప్పాల్సిన పనే ఉండదు.

జూలై 22

చెప్పాను.

పొద్దున తొమ్మిదింటికి డాక్టర్ జయకృష్ణ బయటికి వచ్చి, బీపీ మందులు ఎంత పెంచినా నిలబడడం లేదన్నాడు. "ఇది మామూలుగా లేదు. మీరు ఏదైనా దాస్తుంటే ఇదే ఆఖరు టైము" అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

డెక్సా అన్నాను. రోజూ. పద్నాలుగు నెలలు. ఈ మధ్య రెండు, నిన్నటి నుంచి అసలు లేదు.

ఆయన నా మాట పూర్తి కాకుండానే లోపలికి పరిగెత్తాడు. ఏదో ఇంజక్షన్ పేరు అరవడం వినిపించింది. అదీ స్టెరాయిడే. అంటే నేను ఇచ్చిన దాని జాతే. ఇప్పుడు అది లేకపోతే బతకదట.

అరగంట తర్వాత వచ్చి కూర్చోబెట్టి చెప్పాడు. "ఒంట్లో సొంతంగా కొంత స్టెరాయిడ్ తయారవుతుందండీ. కష్టం వచ్చినప్పుడు మనిషిని నిలబెట్టేది అదే. మీరు రోజూ బయటి నుంచి ఇస్తుంటే, ఒళ్ళు తయారు చేయడం మానేసింది. నిన్న ఇక్కడికొచ్చాక బయటిదీ ఆగిపోయింది. ఇంక ఆవిడకి ఏం మిగిలింది?"

నేను జ్వరం గురించి అడిగాను. ఎందుకడిగానో తెలీదు. ఒక్కరోజు కూడా జ్వరం రాలేదండీ అన్నాను. ఏదో సాక్ష్యం చెప్పుకుంటున్నట్టు.

"జ్వరం రోగం కాదు కదండీ. ముల్లు దిగితే ఎర్రబడుతుంది, వాస్తుంది, చీము పడుతుంది, ఒళ్ళు కాలుతుంది. అదంతా ఒళ్ళు తిరగబడడం. మీరు ఆ తిరగబడడాన్ని ఆపేశారు. క్రిములని ఎవరూ ఆపలేదు. నిన్న చెప్పి ఉంటే…"

అక్కడ ఆపి, నర్సు పిలిచిందని వెళ్ళిపోయాడు. నర్సు పిలవలేదు.

సాయిశ్రీ అన్నీ వింది. చున్నీతో మూతి నొక్కుకుని మెట్లు దిగి వెళ్ళింది. మధ్యాహ్నం ఒక పొట్లంలో ఇడ్లీలు తెచ్చి నా పక్కన బెంచీ మీద పెట్టి, అవతలి బెంచీకి వెళ్ళి కూర్చుంది.

జూలై 23

బీపీ కాస్త పెరిగింది. పది నిమిషాలు లోపలికి పంపారు. రావమ్మ నన్ను గుర్తుపట్టింది.

"చెప్పేశారా?"

"చెప్పాను."

"ఎందుకండీ? ఊరికి తెలిస్తే మీ దగ్గరికి ఎవరొస్తారు?"

నేను ఏడ్చాను. నర్సు చూస్తోందని కూడా చూసుకోలేదు. ఆ అమ్మాయి ముఖం పక్కకి తిప్పుకుంది.

"పోన్లెండి" అంది రావమ్మ. "నాకు చేతులు లేచినాయి కదా. జడేసుకున్నా కదా ఏడాది."

కాసేపు కళ్ళు మూసుకుని, "గేదెకి దాణా నానబెట్టమని చెప్పండి ఎవరికైనా" అంది. సరే అన్నాను. ఎవరికి చెప్పాలో ఆ క్షణంలో ఒక్క పేరూ తట్టలేదు.

కాలు తీసేయాల్సి ఉంటుందంటున్నారు. తీసేయమన్నాను. చేతికి కర్ర ఇస్తాను, నేనే పాలు పితుకుతాను, ఏమైనా చేస్తాను. బతికితే చాలు.

జూలై 24

రావమ్మ పొద్దున తొమ్మిదీ ఇరవైకి పోయింది.

జూలై 27

గేదె నాకు పాలు ఇవ్వడం లేదు. నేను దగ్గరికి వెళ్తే తంతోంది. పక్కింటి జాన్‌బాబు భార్య వచ్చి పితికింది.

జూలై 30

ఊళ్ళో అందరూ వచ్చి పోతున్నారు. "ఎంతమందికి ప్రాణం పోసిన చెయ్యండీ, దేవుడికి కళ్ళు లేవు" అంటున్నారు. వింటూ కూర్చుంటున్నాను. నోరు తెరిచి ఒక్కరికీ చెప్పలేదు.

ఆగస్టు 3

పెద్దకర్మ అయింది.

సాయిశ్రీ బస్సుకి వెళ్తూ గుమ్మంలో ఆగింది. పదమూడు రోజుల తర్వాత నాతో మాట్లాడింది.

"అది ఏం మందో అమ్మకి తెలుసా?"

"పేరు తెలీదు. దాచాల్సిందని తెలుసు."

"ఎట్టా తెలుసు?"

"నేను దాచేవాణ్ణి కదా. మాత్రల రేకు మీద పేరు కత్తిరించేసి ఇచ్చేవాణ్ణి. చూసేది."

అది తల ఊపింది. బ్యాగు భుజానికి వేసుకుంది. "నాకు మందుల షాపు వద్దు నాన్నా" అని వెళ్ళిపోయింది. బస్సు దాకా వెళ్ళి దింపాలని కూడా తోచలేదు నాకు.

చీము గురించి గవర్నర్‌పేట డాక్టరు గారు చెప్పిన మాట ఇప్పుడు రాస్తాను. ఒకరోజు ఒక రిక్షావాడి వీపు మీద పెద్ద సెగ్గడ్డ కోసి, నేను ముక్కు మూసుకుంటుంటే ఆయన నవ్వారు. "అసహ్యం దేనికి జక్కయ్యా? మన తరఫున పోరాడి చచ్చిపోయిన కణాలు ఇవి. ఈ మనిషి ఒళ్ళు వీటిని లక్షల్లో పంపింది. చీము చూస్తే నాకు ధైర్యం వస్తుంది. దెబ్బ తగిలి, చీమూ వాపూ జ్వరం ఏవీ రాని మనిషిని చూస్తే భయం వేస్తుంది" అన్నారు.

నాకు తెలీక కాదు. పదో తరగతి తప్పినవాడికి ఆయన ఇంత చెప్పారు. జూలై 18న ఈ మాట గుర్తొచ్చింది నాకు. ఆ రోజే కారు మాట్లాడుకుని ఉంటే మధ్యాహ్నానికల్లా విజయవాడలో ఉండేవాళ్ళం.

ఆగస్టు 5

సాయంత్రం కనకలక్ష్మి వచ్చింది. పరామర్శకి వచ్చిందనుకున్నాను. కాసేపు రావమ్మ గురించి మాట్లాడి కళ్ళు తుడుచుకుని, "డాక్టరు గారూ, ఇంత కష్టంలో అడక్కూడదు గానీ, రెండు వారాల నించి పొట్లాలు లేవు. లేవలేకపోతున్నా. మొన్న మడిలో కళ్ళు తిరిగి పడ్డా" అంది.

దాని ముఖం చూశాను. మూడేళ్ళుగా చూస్తున్న ముఖమే. బుగ్గలు గుండ్రంగా, నున్నగా ఉన్నాయి. మోచేతి మీద కమిలిన మచ్చలు.

ఇస్తే కొంచెం కొంచెంగా చంపుతాను. ఇవ్వకపోతే మడిలో పడిపోతుంది. ఊళ్ళో ఇలాంటి వాళ్ళు ఎంతమంది? నేను అరుగు మూసుకుని పరువుగా ఏడుస్తూ కూర్చుంటే ఈ రెండు వారాల్లో ఎవరైనా పోయారేమో కూడా నాకు తెలీదు.

చెప్పాను. మొదటి నుంచి చెప్పాను. కనకలక్ష్మి నోరు తెరుచుకుని వింది.

"అంటే అమ్మగారిని తినేసింది అదేనా?"

"అదే. నేనే."

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ఇప్పుడు నేనేం చెయ్యాలండీ?" అంది. నన్నే అడిగింది. ఇంకా నన్నే.

ఒక మాత్ర ఇచ్చాను, ఒక్కటే. నా చేతులతో ఇచ్చేది ఇదే చివరిది, ఉన్నట్టుండి మానొద్దు, ఎల్లుండి నాతో మైలవరం పెద్దాసుపత్రికి రా అని చెప్పాను.

ఆగస్టు 6

పొద్దుటి నుంచి ఇంటింటికీ తిరిగాను. పొట్లాలు ఎవరికిచ్చానో రాసిన కాగితం ఏమీ లేదు, జ్ఞాపకమే ఆధారం. హనుమయ్య గారు, ఆయాసం మనిషి, మంచం మీద నుంచే చెయ్యి ఊపి, "బయటికి పో" అన్నారు. ఆయన కోడలు వెనకాలే వచ్చి, "రేపు అన్నారు కదా, నేను తీసుకొస్తాలెండి" అంది. ఒకాయన నా మీద చెయ్యి చేసుకోబోయాడు. ఇద్దరు నవ్వి, నువ్వు ఇవ్వకపోతే ఇంకొకడి దగ్గర కొనుక్కుంటాం అన్నారు. చాలామంది ఏమీ అనలేదు. ఏమీ అనని వాళ్ళ ఇంటి నుంచి బయటికి రావడమే కష్టమైంది.

జాబితా రాశాను. పేరు, వయసు, ఎన్నాళ్ళ నుంచి, రోజుకెన్ని, మధ్యలో మానారా. రాస్తుంటే చెయ్యి ఆగలేదు. నలభై మూడు పేర్లు వచ్చాయి.

ఆగస్టు 7

మైలవరం ఆసుపత్రికి వెళ్ళి వచ్చాను. ఒక ఆటోలో నేనూ కనకలక్ష్మీ ఇంకో నలుగురూ. వెనక ఆటోలో హనుమయ్య గారు, కోడలు.

డాక్టర్ హన్నా అని, సాయిశ్రీ కంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. ఎదురుగా కనకలక్ష్మిని కూర్చోబెట్టి ముఖం చూడగానే కనిపెట్టింది. "ఎవరిచ్చారమ్మా నీకు ఈ మాత్రలు?"

"నేనే మేడమ్" అన్నాను. కనకలక్ష్మి నోరు తెరిచే లోపే అన్నాను.

ఆవిడ తల ఎత్తి నన్ను పై నుంచి కింది దాకా చూసింది. నా పేరూ ఊరూ అడిగి రాసుకుంది. "మీ మీద పైకి రాయాలి నేను" అంది. రాయండి అన్నాను. నిజంగానే రాయమనిపించింది. ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట నా పేరు పెట్టి ఆ తప్పు రాస్తే కాస్త ఊపిరి ఆడుతుందేమో అనిపించింది.

"ముందు వీళ్ళ సంగతి చూడాలి. ఎంతమంది?"

జాబితా ఇచ్చాను. ఒక్కొక్కరికీ మాత్ర వారాల తరబడి తగ్గించుకుంటూ రావాలట, మధ్యలో దెబ్బ తగిలినా దగ్గు వచ్చినా, జ్వరం ఉన్నా లేకపోయినా, వెంటనే రావాలట. కనకలక్ష్మి చేత రెండుసార్లు చెప్పించింది. తర్వాత ఎర్ర పెన్ను తీసి, ఎవరిని ముందు చూడాలో గుర్తు పెడతానని జాబితా చివరి దాకా చదివింది. మళ్ళీ మొదటి పేరు దగ్గరికొచ్చి ఆగింది.

"రావమ్మ, నలభై ఆరు. రోజూ. పద్నాలుగు నెలలు, చివర్లో రోజుకి రెండు." చుట్టూ గట్టిగా సున్నా చుట్టింది. "మిగతావాళ్ళు మధ్య మధ్యలో మానేశారు. ఒక్కరోజు కూడా తప్పకుండా వేసుకున్నది ఈవిడొక్కరే. అందరికంటే ప్రమాదం ఈవిడకే. ఈవిడ్ని ఇవాళ ఎందుకు తీసుకురాలేదు? రేపు పొద్దున్నే, మొట్టమొదట ఈవిడ్ని తీసుకురండి."

కనకలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుంది.

నేను సరే మేడమ్ అన్నాను.